కనానీయులకు నేను చెప్పిన అర్థం

నేను పాదిరీ దొర దగ్గర మున్షీగా ఉన్నానని చెప్పుకోవడానికి మావాళ్ళు చాలాకాలం సిగ్గుపడ్డారు. బ్రాహ్మడు పోయి పోయి దొర బంగళా మెట్లెక్కడమేమిటని. నాకు మాత్రం ఆ సిగ్గు ఎన్నడూ లేదు. నేను సిగ్గుపడేది ఇంకొకదానికి. దానికి మావాళ్ళలో ఒక్కడూ నన్ను తప్పుపట్టలేదు, పైగా భేష్ అన్నారు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. చదివినవాళ్ళు ఛీ అంటే అననివ్వండి. ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

గోదావరికి ఆనకట్ట పడి, కోనసీమలో కాలవలు కొత్తగా తవ్వుతున్న రోజులవి. రాజోలుకి ఎగువన, గట్టు పక్కనే దొర బంగళా. హెబ్రీ భాషలో ఉన్న తమ పాత గ్రంథాన్ని తెలుగులోకి దింపాలని ఆయన పట్టుదల. ఆయన హెబ్రీ చూసి, తనకొచ్చిన తెలుగులో అర్థం చెప్పేవాడు. ఆ తెలుగు విని నాకు లోపల నవ్వొచ్చేది. నేను దాన్ని మనుషులు మాట్లాడే దారిలో పెట్టి, శుద్ధప్రతి రాసేవాణ్ణి.

అంతటితో అయిపోయేది కాదు. రాసిన ప్రతి కాగితాన్నీ అక్షరం ముక్క రానివాళ్ళకి చదివి వినిపించాలి. విన్నది వాళ్ళు తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు వాళ్ళది కాదు, మన తెలుగుదే అనేవాడు దొర. బుధవారం, శనివారం సాయంత్రాలు ఊరి చివరి పేట నుంచి పదిమంది బంగళా వాకిట్లో చేరేవారు. నేను అరుగు మీద కూర్చునేవాణ్ణి. వాళ్ళు బాగా ఎడంగా, కింద నేల మీద. ఆ ఎడం దొర పెట్టింది కాదు, నేను పెట్టింది.

ఇక్కడ నా చదివే పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో తాతల నాటి నుంచీ పురాణం చెప్పడం అలవాటు. పురాణం చెప్పేవాడు ఒక పద్యం చదువుతాడు, ఆపి తాత్పర్యం చెబుతాడు, ఆ తాత్పర్యంలో తన సొంత పైత్యం ఎంతైనా కలుపుతాడు. ఏది గ్రంథం, ఏది ఈయన నోటి మాట అని వినేవాళ్ళు విడదీసి చూడరు. చూడాలని తోచదు కూడా. దొర కాగితాలూ నేను అలాగే చదివేవాణ్ణి. నాలుగు వాక్యాలు కాగితంలోవి, పది నావి. దొరకి నా వేగం అందేది కాదు. అంతా గ్రంథమే అనుకుని "మంచిది, మంచిది" అని తలూపేవాడు.

వినడానికి వచ్చేవాళ్ళలో లంకాయన ఒకడు. ఆ రోజుల్లో వాడు అనేవాణ్ణి, ఒరే అని పిలిచేవాణ్ణి. ఇప్పుడు ఆయన అని రాస్తుంటే నా చెయ్యే నన్ను వెక్కిరిస్తున్నట్టుంది. సరే, కానీండి. మా ఊరి ముందు గోదావరిలో రెండు మూడు వరదలకి ఒక లంక తేలింది. ఇసక మేట, దాని మీద ఒండ్రు, ఆపైన నిలువెత్తు రెల్లు. పాములకి భయపడి ఊళ్ళో ఎవరూ అటు పోలేదు. ఆయనా, ఆయన భార్యా రెండేళ్ళు ఆ రెల్లు కొట్టి, దుబ్బులు పెకలించి, పొగాకూ దోసా ఆనపా వేశారు. అప్పటికే ముగ్గురు బిడ్డలు జ్వరాలతో పోయారు. మిగిలిన ఒక్క ఆడపిల్లని పడవలో పడుకోబెట్టుకుని పని చేసుకునేవారు. ఇదంతా నేను గట్టు మీద నుంచి కళ్ళారా చూసినవాణ్ణే.

మా అన్నగారు ఆ ఊరి కరణం. ఆ ఏడు శిస్తు లెక్కలు తేల్చే జమాబందీకి తాసీల్దారు వస్తున్నాడని, కొత్త లంకలు ఎవరు సాగు చేస్తున్నారో అడిగి వాళ్ళ పేర రాస్తాడని కబురొచ్చింది. లంకాయన వచ్చి నిలబడి, ఈ రెల్లు నేను కొట్టానంటే, వెనక దొర ఒక మాట సాయం చేస్తే, లంక ఆయనదే. ఆయన రాకపోతే మా అన్నగారు ఏ పేరు చెబితే ఆ పేరు. చెప్పదలచుకున్నది తన బావమరిది పేరు.

అన్నగారు నన్ను పెరట్లోకి పిలిచాడు. "ఏరా, ఆ లంకవాడు నీ పురాణానికొస్తున్నాడట కదా?"

"వస్తాడన్నయ్యా."

"నీ మాట వింటాడా?"

"నోరు తెరుచుకుని వింటాడు."

"అయితే ఆ రోజు వాడు తాసీల్దారు ఎదట పడకుండా చూడు. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పేదేముంది?"

నేను కాదనలేదు. అన్నగారి అన్నం తిని పెరిగినవాణ్ణి, ఎదురు చెప్పలేకపోయాను అని సాకు చెప్పుకోవచ్చు. అందులో కొంత నిజం ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. లంకాయన మీద నాకప్పటికే కడుపుమంట రగులుతోంది.

అంతకు ముందు వారమే కనాను కథ చదివాం. జలప్రళయం దాటి బతికిన ముసలాయన ద్రాక్షతోట వేసి, ఆ సారాయి తాగి, ఒంటి మీద బట్ట తెలియకుండా పడిపోతాడు. ఒక కొడుకు అది చూసి, బయటికొచ్చి అన్నదమ్ములకి చెబుతాడు. మత్తు దిగాక ముసలాయన శాపం పెడతాడు. ఎవరికి? చూసినవాడికి కాదు, వాడి కొడుకు కనానుకి, దాసులకి దాసుడివవుతావని. ఆ కనాను సంతతే కనానీయులు. ముందుముందు దేవుడు వేరేవాళ్ళకి ఇస్తానని మాట ఇచ్చే దేశం వీళ్ళుంటున్న దేశమే.

నేను ఆపగానే లంకాయన చేతులు కట్టుకుని లేచాడు. "అయ్యగారూ, చూసింది తండ్రి కదండీ. శాపం కొడుక్కేంటండి? ఆ కుర్రోడేం చేసేడండి?"

నేను తర్వాతి కాగితం తియ్యబోయాను. దొర మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మున్షీ గారూ! ఈ ప్రశ్నను మా దేశపు పండితులు ఎంతో కాలముగా అడుగుచున్నారు. మీరు ఏల అడుగలేదు?" అని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి అందులో రాసుకున్నాడు. పదిమందిలో నాకు తల కొట్టేసినట్టయింది. ఆరేళ్ళ కొలువులో నా మాట ఒక్కటి ఆ పుస్తకంలోకి ఎక్కి ఎరగదు. రెల్లు కొట్టుకునేవాడి మాట ఎక్కింది! ఒళ్ళు మండిపోయింది. అన్నగారు పెరట్లోకి పిలిచేటప్పటికి నేను ఆ మంటలోనే ఉన్నాను.

అన్నగారితో ఆ మాటలైన మర్నాడు దొరని అడిగాను, అసలు కనాను అనే పేరుకి అర్థమేమిటని. ఆయన పొంగిపోయి రెండు లావుపాటి పుస్తకాలు ముందేసుకున్నాడు. కొందరు పల్లపు నేల అంటారట, కొండల దిగువన, సముద్రం పక్కనుంది కనక. ఆ మాట పుట్టిన ధాతువుకి వంగడం, అణగడం అని కూడా చెబుతారట. వాళ్ళు వర్తకంలో ఆరితేరినవాళ్ళు కావడంతో, ఆ గ్రంథంలోనే కొన్నిచోట్ల కనానీయుడు అంటే ఉత్త బేరగాడు అనేట. "ఏది నిజమో ఎవరికిని రూఢిగా తెలియదు. తెలియదు అనియే చెప్పవలెను, మున్షీ గారూ" అన్నాడు. పల్లపు నేల, పక్కన సముద్రం, సరుకు పడవలు. ఇది మా కోనసీమ మాటలాగే ఉందే అని ఒక్క క్షణం తోచింది. ఆ తోచినదాన్ని అక్కడే వదిలేసి, చెప్పినవాటిలో నాకు పనికొచ్చేది ఒకటి ఏరుకున్నాను.

శనివారం వచ్చింది. జమాబందీకి ఇంక మూడు రోజులు. లంకాయన ఆ వేళ భార్యనీ, కూతుర్నీ కూడా తెచ్చుకున్నాడు. తన ప్రశ్నకి జవాబు చెబుతారని వాళ్ళకి చెప్పి తెచ్చాడట. పిల్ల వెనక నుంచి ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది.

నేను కాగితం చేతబట్టుకుని గొంతు సవరించుకున్నాను. కనాను కథ మళ్ళీ చదివాను. చదివి, తాత్పర్యం ఎత్తుకున్నాను. "కనానీయులు అంటే అణగి ఉండవలసినవాళ్ళు. వాళ్ళ పేరుకి అర్థమే అది. నేల బాగుచేసేది వాళ్ళు, ఏలుకునేది దేవుడు ఎవరికిస్తే వాళ్ళు. తలొంచుకుని తప్పుకున్న కనానీయుడి పిల్లలు చల్లగా బతికారు. ఈ నేల నాదని అధికారి ముందు నిలబడ్డవాడికి ఒక్క బిడ్డ కూడా దక్కలేదు."

తప్పుకోవడం, దక్కకపోవడం ఏ కాగితంలోనూ లేవు, ఏ భాషలోనూ లేవు. ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకున్నవాడి ముందు ఆ మాట అనాలని నేను రాత్రంతా ఆలోచించి, కూర్చి పెట్టుకున్నాను. అయ్యో, నోరు జారిందని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

దొర "మంచిది, మంచిది" అన్నాడు. అని, అలవాటు ప్రకారం వేలితో చూపించాడు. "ఈ మనుష్యుడు తిరిగి చెప్పవలెను." చూపించింది లంకాయననే.

ఆయన లేచాడు. పిల్ల చేతులు మెడ మీద నుంచి మెల్లిగా విడిపించి తల్లికిచ్చాడు. "కనానోళ్ళంటే అణిగుండాల్సినోళ్ళండి," అన్నాడు. మిగతాది నేలకేసి చూస్తూ అన్నాడు. "నేల నాదన్నోడికి... పిల్లలు దక్కరంటండి." దొరకి అందులో సగమైనా వినబడలేదు. "చాలా చక్కగా చెప్పితివి" అని మెచ్చుకున్నాడు. లంకాయన ఆ మెప్పుకి కూడా దణ్ణం పెట్టి కూర్చున్నాడు. నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

జమాబందీ రోజున ఆయన రాలేదు. అన్నగారి బావమరిది పేర లంక రాయించేశారు. ఆ మధ్యాహ్నం మా వదినగారు బొబ్బట్లు చేసింది. అన్నగారు నా వీపు తట్టి, "చదువంటే ఇదిరా" అన్నాడు. నేను సిగ్గులేకుండా మూడు తిన్నాను. నాలుగోది కూడా వేయించుకున్నాను. సాయంత్రం గట్టు మీదికి వెళితే, లంకాయన పడవ దిగువకి పోతూ కనిపించింది. చాపలు, చట్టి, భార్య, పిల్ల. పొగాకు ఇంకా కోతకి రాలేదు.

"మంచి ప్రశ్న అడిగిన మనుష్యుడు ఏడి?" అని దొర రెండు మూడుసార్లు అడిగాడు. "పొట్ట చేతపట్టుకుని ఎక్కడికో పోయేడండి" అన్నాను.

ఏడాది తిరిగేసరికి మా పని ఆ దేశాన్ని వేరేవాళ్ళు వచ్చి ఆక్రమించుకునే భాగానికి వచ్చింది. అందులో కనానీయులందరూ వెళ్ళిపోలేదు. ఫలానా ఊరివాళ్ళు అక్కడే ఉండిపోయారు, ఫలానా చోటివాళ్ళు వచ్చినవాళ్ళ మధ్యనే కాపురం ఉన్నారు అని వరసగా వస్తుంది. శుద్ధప్రతి రాస్తూ రాస్తూ కలం కింద పెట్టేశాను. ఎన్నో యుద్ధాలు చేసినవాళ్ళు కూడా వెళ్ళగొట్టలేకపోయినవాళ్ళని నేను అరుగు మీద కూర్చుని, నోటి మాటతో పంపించేశాను. దొరతో చెప్పేద్దామని లేచాను కూడా. చెబితే కొలువు ఊడుతుంది. మళ్ళీ కూర్చున్నాను. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి, దొర తన దేశం వెళ్ళిపోయాక, చుట్టాలింటి పెళ్ళికని సముద్రం వైపు వెళ్ళాను. రేవు దగ్గర ఉప్పుమళ్ళ పక్కన ఒకాయన ఉప్పుగంప తలకెత్తుకుంటున్నాడు. చేతులు ఉప్పుకి పగిలి తెల్లబడ్డాయి. నన్ను చూడగానే గంప దింపి దణ్ణం పెట్టాడు, లంకాయనే. ఒరే అనడానికి మనసు రాలేదు, ఏమండీ అనడానికి నోరు రాలేదు. "బాగున్నావా? పిల్ల బాగుందా?" అన్నాను.

"ఆయ్, మీ దయండి. పెళ్ళి చేసేనండి. పక్క ఊళ్ళోనే ఉందండి."

మీ దయ అన్నాడు! ఇంక నిలబడలేకపోయాను. గడగడా చెప్పేశాను. ఆ వేళ నేను చెప్పింది గ్రంథంలో లేదని, పిల్లలు దక్కరన్న మాట నేను కల్పించిందేనని, లంక కోసం చేశానని. చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పుస్తకంలో లేదని నాకా వేళే తెలుసండి," అన్నాడు ఆయన, మామూలుగా. "చదివినంతసేపూ మీరు కాయితంకేసి చూసేరండి. పిల్లలు దక్కరన్నప్పుడు మాత్రం నా కూతురుకేసి చూసేరు."

వంచిన తల ఎత్తాను. "తెలిసీ మరెందుకు వెళ్ళిపోయావు?"

"దేవుడన్న మాటైతే ఆయన్నే బతిమాలుకుని ఉండిపోయేవాళ్ళమండి. అన్నది మీరు కదండీ. అంత పసిదానికేసి చూస్తూ అంత మాటన్నోరు, రేపు ఎంత పనైనా చేస్తారని భయమేసిందండి."