కొనబోయే ఇంట్లో స్నానం

ఆర్విడ్ నూట్సన్ ఏ ఇంటిని పరీక్ష చేసినా ఆ ఇంట్లో స్నానం చేయకుండా బయటికి రాడు. అమెరికాలోని డులూత్ ఊళ్లో కాండో అనే ఫ్లాటు గానీ, పక్కింటితో గోడ కలిసిన టౌన్‌హోమ్ గానీ కొనేవాళ్లు సంతకం పెట్టేముందు ఒక ఇన్‌స్పెక్టరును పిలిపించి, ఇంటిని పైనుంచి కిందిదాకా చూపించుకుంటారు. మిగతా ఇన్‌స్పెక్టర్లు టార్చిలైటూ, నిచ్చెనా, గోడలో తడిని పట్టే మీటరూ తెచ్చుకుంటారు. ఆర్విడ్ వాటితోపాటు ఒక తువ్వాలు, ఒక సబ్బుపెట్టె, ఒక జత రబ్బరు చెప్పులు కూడా తెచ్చుకుంటాడు. చూడాల్సినవన్నీ చూశాక తువ్వాలు భుజాన వేసుకుని, విడిదింట్లో దిగిన మగపెళ్లివారిలా తాపీగా మేడమెట్లు ఎక్కి తలుపేసుకుంటాడు. ఇక ఆయన ఎప్పుడు బయటికొస్తాడో ఆ నీళ్లకే తెలియాలి.

ఇదేం పద్ధతని అడిగినవాళ్లందరికీ ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. "కుళాయి తిప్పి చూస్తే నీళ్లు వస్తాయో రావో తెలుస్తుంది. ఆ నీళ్లతో కాపురం ఎలా ఉంటుందో స్నానం చేస్తేనే తెలుస్తుంది." పైగా, కాండోలో నీళ్లు చాలాసేపు పారితేగానీ కిందింటివాళ్ల నెత్తిన కారుతున్నాయో లేదో బయటపడదనేవాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు లేని పిచ్చిని మాన్పించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఈ పిచ్చిని అందరికంటే ఎక్కువ భరించింది లవోన్ స్లెటెన్. ఆమె ఇళ్ల ఏజెంటు. కొనేవాళ్లను వెంటబెట్టుకు తిరిగి ఇళ్లు చూపిస్తుంది, బేరం కుదిరితేనే ఆమెకు రాబడి. ఆర్విడ్ పైన స్నానం చేస్తున్నంతసేపూ కింద వంటగదిలో వేడినీళ్ల కుళాయి సన్నగా తిప్పి, దాని కింద వేలు పెట్టి నిలబడటం ఆమె పని. ధార తగ్గినా, వేడి తగ్గినా గుర్తుపెట్టుకుని చెప్పాలి. అక్కణ్ణుంచి కదలకూడదు. ఏళ్ల తరబడి అలా నిలబడి నిలబడి ఆ వేలు ఎండు ఖర్జూరమైపోయిందని ఆమె ఫిర్యాదు. ఒకసారి ఆ పని కొనేవాళ్లకే అప్పజెప్పి తాను ముందుగదిలో కూర్చుంటానంది. ఆర్విడ్ తల అడ్డంగా ఊపి, అది అనుభవం ఉన్న వేలు చేయాల్సిన పని అన్నాడు. పొగడ్తో వెక్కిరింతో తేల్చుకోలేక ఆమె మళ్లీ వేలు పెట్టింది.

ఒకసారి ఇల్లు అమ్మే ముసలావిడ ఏదో మరిచిపోయి మధ్యలో తిరిగొచ్చింది. చూస్తే స్నానాలగది తలుపు సందులోంచి ఆవిరి, లోపలినుంచి మగగొంతు కూనిరాగం. మరో ఊరైతే పోలీసులు వచ్చేవాళ్లు. డులూత్ మొహమాటస్తుల ఊరు. ఆవిడ తలుపు మెల్లిగా తట్టి, ఇంకో తువ్వాలు కావాలా నాయనా అని అడిగింది. అక్కర్లేదమ్మా, తెచ్చుకున్నానని లోపలినుంచి సమాధానం వచ్చింది. ఆవిడ కిందికి దిగి ఆయనకోసం కాఫీ పెట్టింది.

లవోన్‌కు అసలు బాధ వేలు కాదు, శకునం. ఈయన స్నానానికి వెళ్లినప్పుడు నవ్వుతూ ఉన్న దంపతులు, ఈయన బయటికొచ్చేసరికి ఇల్లు వద్దనుకున్న సందర్భాలు ఆమెకు చాలా గుర్తున్నాయి. అదే సమయంలో, అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు గట్టిగా కొంటామన్న సందర్భాలు కూడా ఉన్నాయి గానీ, రాబడి పోయినవి గుర్తున్నట్టు వచ్చినవి ఎవరికి గుర్తుంటాయి? అందుకే కొనేవాళ్లు ఇన్‌స్పెక్టర్ల పేర్లు అడిగితే మిగతా పేర్లన్నీ చెప్పి, ఆర్విడ్ పేరు చివర్లో దగ్గుతో కలిపి చెప్పేది.

కానీ ఆ చలికాలం ట్వైలా బ్రాండ్‌వోల్డ్ వచ్చి, అందరికంటే ఎక్కువ తప్పులు పట్టే ఇన్‌స్పెక్టరు ఎవరని సూటిగా అడిగింది. అబద్ధమాడటం లవోన్‌కు చేతకాదు. ఆర్విడ్ పేరు చెప్పేసింది.

ట్వైలా బడి బస్సు నడుపుతుంది. బస్సులో ఆవిడ అద్దంలోకి ఒక్క చూపు చూస్తే వెనక సీటు రౌడీలు కూడా చేతులు కట్టుకుంటారు. బస్సు దిగిందంటే మాత్రం ఆవిడ నోట వచ్చే మాట ఒక్కటే, "అలాగే." ముఖ్యంగా అన్న డ్వేన్ దగ్గర. ఆవిడ అద్దెకున్న ఇల్లు అమ్ముడుపోతోంది, వసంతం లోపల ఖాళీ చేయాలి. సరిగ్గా అప్పుడే డ్వేన్ టౌన్‌హోమ్‌కు ఆనుకుని ఉన్న టౌన్‌హోమ్ అమ్మకానికొచ్చింది. డ్వేన్ ఎగిరి గంతేశాడు. లవోన్‌కు ఫోన్ చేసిందీ, ఆవిడ సోఫా ఏ మూల పడుతుందో కొలిచిందీ, ఉదయం కాఫీ ఎవరింట్లోనో, రాత్రి టీవీ ఎవరింట్లోనో తేల్చిందీ ఆయనే. చెల్లెలంటే ప్రాణం. ప్రాణంలాగే ఒక్క క్షణం వదిలి ఉండడు.

పరీక్ష రోజున లవోన్ ఒక వింత గమనించింది. మామూలుగా కొనేవాళ్లు ఇన్‌స్పెక్టరు వెనకాల బిక్కుబిక్కుమంటూ తిరుగుతారు, ఏం లోపం బయటపడుతుందోనని. ట్వైలా మాత్రం ఆశగా తిరుగుతోంది. ఆర్విడ్ పైకప్పు దిగి, మంచు కరిగి లోపలికి దిగిన జాడ ఎక్కడా లేదన్నాడు. ఆవిడ ముఖం వాడిపోయింది. బేస్‌మెంటు గోడలకు మీటరు ఆనించి, ఎండుటాకులా ఉందన్నాడు. ఆవిడ నిట్టూర్చింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు కొత్తది, కిటికీలు బిగుతు, కరెంటు తీగలు పద్ధతిగా ఉన్నాయి. డ్వేన్ ప్రతిదానికీ, నేను చెప్పలేదూ అని లవోన్ భుజం తడుతున్నాడు. ట్వైలా ఒక్కో శుభవార్తకూ ఒక్కో మెట్టు కుంగిపోతోంది.

డ్వేన్ కాస్త ఎడంగా వెళ్లినప్పుడు ఆవిడ ఆర్విడ్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"పోనీ, చిన్న పగులైనా లేదా?"

"లేదమ్మా."

"ఎలుకలు?"

"వాటి ఊసే లేదు."

లవోన్‌కు అప్పుడు అర్థమైంది. అన్నకు వద్దని చెప్పే నోరు ఈవిడకు లేదు. ఆ మాట ఇంటిచేత చెప్పించాలని ఇన్‌స్పెక్టరును పెట్టుకుంది. ఆ ఇల్లేమో మహా పతివ్రత, వేలెత్తి చూపడానికి ఒక్క మచ్చ లేదు. ఇక సంతకం పెట్టి, బతికినన్నాళ్లూ డ్వేన్ గోడకు ఇవతల ఉండటమే మిగిలింది. పాపం అనిపించింది లవోన్‌కు. వెంటనే రాబడి కూడా గుర్తొచ్చి, ఆ పాపాన్ని సగానికి తగ్గించింది.

ఆర్విడ్ ట్వైలా ముఖం వైపు ఒకసారి చూసి, సంచీలోంచి తువ్వాలు తీశాడు. ఇక స్నానం అన్నాడు. లవోన్ ఎవరూ చెప్పకుండానే వంటగదిలోకి నడిచింది. డ్వేన్‌కు మాత్రం ఆయన కొత్త పని పెట్టాడు. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ, అందులో నీళ్లగొట్టం ఉంది, కాబట్టి డ్వేన్ తన ఇంట్లోకి వెళ్లి ఆ గోడకు చెవి ఆనించి, నీళ్లు ఆగేదాకా వినాలి. ఇది చాలా ముఖ్యమైన పని, కదిలితే పరీక్ష చెడిపోతుంది అన్నాడు. ముఖ్యమైన పని అంటే డ్వేన్ ప్రాణమిస్తాడు. పరుగున వెళ్లాడు.

"మరి నేనేం చేయాలి?" అంది ట్వైలా.

"మీరేం చేయక్కర్లేదు. కూర్చోండి."

ఖాళీ ఇంట్లో కుర్చీ లేదు. ఆవిడ ముందుగదిలో కిటికీ అరుగు మీద, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. పైన నీళ్లు మొదలయ్యాయి. గోడలకు చెవులుంటాయంటారు. ఆ రోజు ఆ గోడకు అవతలివైపు నిజంగానే ఒక పెద్ద చెవి అంటుకుని ఉంది.

లవోన్ వేలు నానుతుండగా ఫోన్ మోగింది. డ్వేన్.

"ఏవండీ, నీళ్ల చప్పుడు వస్తోందిగానీ మనిషి చప్పుడు రావట్లేదు. ధార ఒక్కలాగే పడుతోంది. స్నానం చేసేవాడు అటూ ఇటూ తిరగడా? పెద్దాయన జారిపడ్డాడేమో చూడండి."

లవోన్ కుళాయి అలాగే వదిలేసి, వెనక మెట్ల మీదుగా పైకి పరిగెత్తింది. తలుపు తట్టింది. పలుకు లేదు. దేవుడా అనుకుంటూ తోసింది.

షవరు కింద ఎవరూ లేరు. టబ్బు అంచు మీద ఆర్విడ్, కోటుతో, బూట్లతో కూర్చుని కోడిగుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. తువ్వాలు మడత నలగకుండా ఒళ్లో ఉంది. సబ్బుపెట్టె తెరిచి ఉంది. అందులో రెండో శాండ్‌విచ్.

ఆమె షవరునూ శాండ్‌విచ్‌నూ మార్చి మార్చి చూసింది. మీరు స్నానం చేయట్లేదు అంది.

"లేదు," అన్నాడు ఆయన, దొంగతనం బయటపడ్డవాడిలా.

"ఇదివరకు?"

"ఎప్పుడూ లేదు. పరాయి ఇంట్లో బట్టలు విప్పాలంటే నాకు చచ్చేంత సిగ్గు."

ఇన్నేళ్ల తన వేలు కళ్లముందు కదలాడి లవోన్‌కు ఒళ్లు మండింది. నీళ్లు పారించాలంటే తిప్పి వదిలేయొచ్చు కదా, ఈ తువ్వాలు వేషం ఎందుకని నిలదీసింది.

ఆర్విడ్ నోట్లోది మింగి, నెమ్మదిగా చెప్పాడు. "మొదటిసారి ఇల్లు చూసేటప్పుడు పక్కన మీరుంటారు. రెండోసారి చుట్టాలుంటారు. సంతకం రోజున ఎవరెవరో ఉంటారు. కొనేవాళ్లు ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చునేది కొన్నాకే. అప్పుడు తెలిసి లాభమేముంది? కొనమనో వద్దనో చెప్పే హక్కు నాకు లేదు. తలుపేసుకునే హక్కుంది. స్నానం చేసేవాణ్ణి ఎవరూ తొందరపెట్టరు కదా."

లవోన్ తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది. వేలెందుకు నానిందో ఇప్పుడు తెలిసింది. తనను కొనేవాళ్ల పక్కనుంచి తప్పించడానికి. కోపం రావాలి, న్యాయంగా. కానీ ఆ ముసలాయన మీసానికి అంటిన గుడ్డుముక్క చూస్తూ కోపం తెచ్చుకోవడం ఆమెవల్ల కాలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ఏమైంది, నేను రానా అంటున్నాడు డ్వేన్. ఆయన వచ్చాడంటే ట్వైలా 'అలాగే' అంటుంది, సంతకం పెడుతుంది. ఆ చలికాలమంతా బేరాలు లేక లవోన్ ఖాళీగా ఉంది. రమ్మంటే చాలు. ఆమె కిందికి, మెట్ల వైపు చూసింది. ముందుగదిలోంచి ఏ చప్పుడూ లేదు.

"వద్దండీ, రావద్దు," అంది ఫోన్లో. "బాగానే ఉన్నాడు. ఇప్పుడే తలకు సబ్బు పెట్టుకున్నాడు."

"ఆయనకు జుట్టు లేదుగా?"

"అందుకే ఆలస్యమవుతోంది. చెవి తీయకండి."

ఆర్విడ్ రెండో శాండ్‌విచ్ ఆమెకు ఇవ్వబోయాడు. మొహమాటానికి వద్దని, తర్వాత తీసుకుని, తింటూ కిందికి దిగి, ఆమె తన కుళాయి దగ్గర తన వేలు తాను పెట్టుకుంది.

చాలాసేపటికి నీళ్లు ఆగాయి. ఆర్విడ్ దోసెడు నీళ్లు నున్నటి తల మీద చల్లుకుని, తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. డ్వేన్ ఒక చెవి ఎర్రగా కంది, విజయగర్వంతో వచ్చాడు. ఇంట్లో ఏ లోపమూ లేదని ఆర్విడ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. అయితే ఇక సంతకమే అన్నాడు డ్వేన్.

ట్వైలా కిటికీ అరుగు మీంచి లేచింది.

"ఇల్లు బాగుంది డ్వేన్. నాకు వద్దు."

డ్వేన్ తప్పుగా విన్నానేమోనని కందిన చెవి రుద్దుకున్నాడు. లోపం లేదని ఇప్పుడేగా చెప్పారన్నాడు.

"లోపం లేదు. ఇందాక నేనొక్కదాన్నే ఇక్కడ కూర్చుంటే గోడలోంచి నీ దగ్గు వినిపించింది. మందేసుకున్నావా అని అడగడానికి లేచాను. ఇంకా ఇల్లే కొనలేదు, అప్పుడే లేచాను. రోజంతా బస్సునిండా పిల్లల్ని చూసుకుంటాను. ఇంటికొచ్చాక ఎవరి దగ్గూ వినపడని గోడ కావాలి నాకు. నీది కూడా."

డ్వేన్ ముఖంలో రంగులు మారాయి. అరవడం ఆయనకు రాదు, ఆ ఊళ్లో ఎవరికీ రాదు. తన బూట్లవైపు చూసుకున్నాడు. సోఫా కొలతలు తీసుకున్న మూలవైపు చూశాడు. చివరికి గొంతు సవరించుకుని, దగ్గబోయి, ఆపుకున్నాడు.

"మరి ఆదివారం భోజనానికి వస్తావా?"

"ఎందుకు రాను? వస్తాను. తిని మా ఇంటికి వెళ్లిపోతాను."

అది వినగానే డ్వేన్ భుజాలు కాస్త దిగాయి. అయినా ఎవరినో ఒకరిని చూసుకోకుండా ఆ మనిషి నిలవలేడు. చుట్టూ చూస్తే తడి తలతో ఆర్విడ్ కనిపించాడు. ఈ చలిలో ఇలా బయటికెళ్తే రొమ్ము పడిశం పడుతుందని గదమాయించి, తన ఉన్నిటోపీ తీసి ఆయన నెత్తికి కళ్లదాకా దిగలాగాడు.

"ఇంతకీ వేడినీళ్లు సరిపోయాయా?"

"ధారాళంగా," అన్నాడు ఆర్విడ్ టోపీ లోపలినుంచి.

లవోన్ నవ్వు దాచుకోవడానికి కిటికీవైపు తిరిగి, బయటి మంచును చూసింది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇల్లు కొనేవాళ్లు ఇన్‌స్పెక్టరు ఎవరని అడిగితే ఆమె దగ్గడం మానేసి, ఆర్విడ్ పేరే మొదట చెప్పేది. మనిషి మంచివాడు, కాస్త స్నానాల పిచ్చి, తొందరపెట్టకండి అనేది.