ఆరేళ్ళకి వచ్చే పన్ను

నేను చదివింది అయిదో తరగతి. పరుపులు కుట్టడం నా పని. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

అద్దంకిలో మేం పరుపు కుట్టిచ్చిన పళ్ళ డాక్టరమ్మ గారు ఒకసారి, "మీ ఊరి బడిలో పిల్లలకి పళ్ళు తోముకోవడం నేర్పుతావా?" అని అడిగారు. జీతం లేదు. నలభై నిండకుండానే నా దవడ పళ్ళు సగం పోయాయి. ఆ కసితో సరేనన్నాను. ఆవిడ ఒక పెద్ద ప్లాస్టిక్ దవడ, దానికి తగ్గ బ్రష్షు ఇచ్చి ఏం చెప్పాలో నేర్పారు. అప్పటినుంచీ ప్రతి శనివారం బడికి వెళుతున్నాను. పిల్లలు నన్ను పళ్ళక్క అంటారు.

పేస్టు శనగగింజంత చాలని చెప్పి వేలిమీద పెడితే నాకేస్తారు.

"పళ్ళక్కా, వీడు మింగేశాడు!"

"తియ్యగా ఉంటే మింగరా ఏంది?"

ఇంకొకడు ప్లాస్టిక్ దవడతో పక్కవాడి చెవి కొరికించాడు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నేను ఓర్చుకోలేనిది ఒక్కటే. ఆరేళ్ళ వయసులో పాల పళ్ళన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. పైనా కిందా, రెండు వైపులా. అది పాల పన్ను కాదు, పోతే మళ్ళీ రాదు. ఈ ముక్క ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మరు.

మూడో తరగతిలో ఒక పాప ఉంది. బెల్లం చెక్క ఇస్తే ఒక వైపే నములుతుంది. నోరు తెరిపించి చూస్తే కింద, ఎడమవైపు, సరిగ్గా ఆ పన్నే పిప్పి పట్టింది. ఫోనులో ఫొటో తీసి డాక్టరమ్మ గారికి పంపాను. "వెంటనే తీసుకురా, సిమెంటు పెడితే నిలబడుతుంది" అన్నారు. ఆ పన్ను ఎలాగైనా నిలబెట్టాలని నా మనసులో పడిపోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పాప తల్లి అప్పుడే మిరప కోత నుంచి వచ్చింది.

"పాల పన్నేగా అక్కా, అదే ఊడిపోతది."

"పాల పన్ను కాదమ్మా. ఇది ఊడితే రాదు."

పాప అమ్మమ్మ మంచం మీద నుంచే నవ్వింది. "దానికింకా ముందు పళ్ళే సరిగ్గా రాలా. అప్పుడే ముసలితనం దాకా ఉండే పళ్ళొచ్చినయ్యా? నువ్వు పరుపులు కుట్టుకునేదానివా, డాక్టరువా?"

"నేను చెప్పేది కాదు పెద్దమ్మా, డాక్టరమ్మ గారే చెప్పారు."

"ఆమెకేం, నోరు తెరిస్తే బిల్లు."

"పైసా వద్దన్నారు."

"ఊరికే చేసేదైతే అసలే వద్దు" అంది ముసలామె.

తల్లి మాత్రం, కోతల్లో ఒక్కరోజు మానినా మేస్త్రి మళ్ళీ పిలవడని చెప్పింది. నేను తీసుకెళతానంటే, వాళ్ళాయన గుంటూరు కోల్డ్ స్టోరేజీ పనిలో ఉన్నాడనీ, ఆయన్ని అడగకుండా పిల్లని పంపననీ అంది.

"అయితే ఫోన్ చేసి అడుగమ్మా."

"అడుగుతాలే."

ఆ తర్వాత మూడు వారాలు వాళ్ళింటికి వెళ్ళి గుర్తుచేసినా అడగలేదు. బడిలో మేడం గారితో చెప్పించాలని చూశాను. ఆవిడ మధ్యాహ్న భోజనం ఫొటోలు ఫోనులో ఎక్కించుకుంటూ, "మా బాబుకీ అట్టాగే అయిందమ్మా, ఊడి మళ్ళీ వచ్చింది" అన్నారు. ఆవిడ చెప్పేది ముందు పన్ను. ఆ సంగతి చెప్పబోతే బెల్లు కొట్టారు. ఇంటికొచ్చి పరుపుకి సూది దించుతుంటే దారం రెండుసార్లు తెగింది.

తర్వాతి శనివారం పాప బడికి రాలేదు. బుగ్గ వాచి, జ్వరమొస్తే టౌనుకి తీసుకెళ్ళి పన్ను తీయించారని పిల్లలు చెప్పారు. సాయంత్రం దాకా ఆగి వెళ్ళాను.

"రా రా! పీకించేశాం, పీడ వదిలింది" అంది అమ్మమ్మ.

పాప గుప్పిట తెరిచి చూపించింది. పన్ను కింద వేళ్ళలా రెండు వేర్లు.

"చూడమ్మా, ఊడిపోయే పాల పన్నుకి ఇంతింత వేర్లుంటాయా?" అని తల్లిని అడిగాను.

"అందుకేనా అంత ఏడ్చింది!" అంది తల్లి.



ఈలోగా అమ్మమ్మ పేడముద్ద తెచ్చి అందులో పన్ను పెట్టింది. "మిద్దెమీదికి విసురు, కొత్తది వస్తది" అని పాప చేతికిచ్చింది.

"ఎప్పుడొస్తది, పళ్ళక్కా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఇది రాదమ్మా" అన్నాను.

"అమ్మమ్మ వస్తదందిగా!" అని నవ్వి పాప బలంగా విసిరింది. ఆ నవ్వులో కుడివైపున అదే దవడ పన్ను మీద నల్లటి గీత కనబడింది.

"ఆ రెండో వైపు కూడా పట్టుకుంటోంది. దాన్నయినా చూపించండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "అదీ పీకించమంటావా? దాని నోట్లో ఒక్క పన్నన్నా ఉంచవా నువ్వు?"

"పీకించమనలేదు పెద్దమ్మా! ఉంచమనే నెల రోజులుగా మీ గుమ్మం చుట్టూ తిరుగుతున్నా!"

 తల్లి పాపని లైటు కిందకి మోచేత్తో నెట్టింది.

"నా చేతులకి కారం ఉందక్కా. నువ్వే తెరిచి చూపించు, యాడుందో" అంది.

చేతులు కడుక్కొచ్చి చూపించాను.