అవ్వ కొంగున ఒక ముడి

పోయిన మంగళవారం పొద్దున బడికి బయలుదేరి చెప్పులు తొడుక్కుంటుంటే గోడ అవతలి నుంచి ఏడుపు వినిపించింది. మా కుమ్మరవ్వ పోయింది. మూడు రోజుల జ్వరం. ముందురోజు సాయంత్రం కూడా గంజి తాగి, "జర ఎండ రానీ, లేస్త" అన్నదట.

మాది కొత్వాల్‌గూడ. మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే. చుట్టరికం ఏమీ లేదు. ఆమె కొడుకు సారె తిప్పేవాడు. అవ్వ మన్ను తొక్కేది, పచ్చికుండల అడుగులు చెక్కతో కొట్టి పూడ్చేది. శంషాబాద్ అంగడిలో వాళ్ళ కుండలకు పేరుంది. అయితే నేను ఆమెను తలుచుకునేది కుండల కోసం కాదు. నా బిడ్డకు పోయిన నోరు తిరిగి తెచ్చింది ఆమె. పోగొట్టింది నేను.

అవ్వ వాకిట్లో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు చిన్నపిల్లలు ఉండేవారు. తలా ఒక మన్నుముద్ద ఇచ్చి కూర్చోబెట్టేది. ఏది అడిగినా జవాబు మాత్రం చెప్పేది కాదు. "నాకేం తెల్సు బిడ్డా, నువ్వే చూసి నాకు చెప్పు" అనేది. నల్లమన్ను కాలితే ఎర్రగా ఎందుకవుతుందని ఒకడు అడిగితే, వాడి చేతిలోని ముద్దనే కుండలతో పాటు ఆవంలో కాల్చి, మర్నాడు పగలగొట్టి చూపించింది. లోపల ఇంకా నల్లగానే ఉంది. ఇక వాడు నాలుగు రోజులు ఆమెను వదల్లేదు.

అప్పటికప్పుడు చూపించలేని ప్రశ్న వస్తే మరిచిపోకుండా కొంగు చివర ముడి వేసుకునేది. చూపించాకే విప్పేది. యుద్ధం రోజుల్లో మా చేన్ల మీదుగా గాలిమోటరు పోతుంటే, అది కింద పడదెందుకని పిల్లలు అడిగారు. ఆ ముడి చాన్నాళ్ళు అలాగే ఉంది. చివరికి అవ్వ నా దగ్గరికి వచ్చింది. "గిది నా వశం కాదు పంతులూ, నువ్వు చెప్పు." నాకూ తెలియదు. బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ మాట ఒప్పుకోవడం నామోషీ. రెండు పెద్ద పెద్ద ఉర్దూ మాటలు చెప్పి తప్పించుకున్నాను. ఆ చీర చిరిగేదాకా అవ్వ ఆ ముడి విప్పలేదు.

నా కోపం ఊరందరికీ తెలుసు. చిన్నప్పుడు ప్రశ్న అడిగినందుకు మా ఉస్తాదు నన్ను బెత్తం విరిగేదాకా కొట్టాడు. నేను పంతులునయ్యాక అదే దారి పట్టాను.

మూడేళ్ళ కింద మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు డప్పులతో వెళ్ళి కుమ్మరింటి నుంచి తెచ్చుకునే ఐరేని కుండలు అవ్వ వాకిట్లో ఆరుతున్నాయి. ఇంకా కాల్చలేదు. ఐదేళ్ళ మా బిడ్డ, ఇంట్లో కుండలకు పోసినట్టే, చెంబుతో వాటి నిండా నీళ్ళు పోసింది. నేను వెళ్ళేసరికి కుండలన్నీ కూలి బురదయ్యాయి. అది గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది. నన్ను చూసి "బాపు, ఎందుకు..." అని మొదలుపెట్టింది. మాట పూర్తి కాకముందే చెంప మీద కొట్టాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "కొట్టుడు ఎటూ పోదు. ఏం చూసిందో ముందుగాల చెప్పనియ్యి."

నేను వినలేదు. ఇంకో దెబ్బ వేశాను.

కుండలు మళ్ళీ చేశారు, పెళ్ళి బాగానే జరిగింది. బిడ్డ మాత్రం అడగడం మానేసింది. అన్నం పెట్టమంటావా అంటే తల ఊపేది. గోడ అవతలికి పోవడం కూడా మానుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, బుద్ధి వచ్చిందని మొదట సంతోషించాను.

పదిరోజులయ్యాక అవ్వ ఒక పచ్చికుండ చంకన పెట్టుకుని వచ్చింది. "పెండ్లికుండలు నా కొడుకు మల్ల చేసిండు. పోరి నోరు పోయింది. గది నువ్వు మల్ల చేస్తవా?" అని అడిగింది. కుండను వాకిట్లో పెట్టి, "నీళ్ళు పొయ్యి. ఏడికెళ్ళి కూలుతదో చెప్పు. సదువుకున్నోనివి గద" అంది.

పోశాను. అంచు దగ్గర పగులుతుందని చెప్పాను. తలుపు వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"కాదు బాపు. అడుగుకెళ్ళి."

అవ్వ తల తిప్పలేదు. కుండనే అడుగుతున్నట్టు, "గట్లెందుకు?" అంది.

"నీళ్ళన్నీ గాడనే కూసుంటయి గద."

బిడ్డ మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. కుండ అడుగు మెత్తబడింది, ఒకవైపు ఒరిగింది, కూలింది. మెచ్చుకోలుగా దాని తల మీద చెయ్యి వేయబోతే ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటును నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ రోజే నా బెత్తాన్ని పొయ్యిలో పెట్టాను.

అప్పటి నుంచి నా తరగతిలో అవ్వ మాటే చట్టం. ఏం పగిలినా, ఏం ఒలికినా, ముందు వాళ్ళు చూసింది చెప్పాలి, నేను వినాలి. ఇది బడా, అంగడా అని పైవాళ్ళు గదమాయించారు. నేను మార్చలేదు. మార్చను కూడా.

మంగళవారం అవ్వకు కొత్తబట్ట కప్పబోతూ ఆడవాళ్ళు ఆమె కొంగుకు ముడి చూశారు. వక్కలేమోనని విప్పబోయారు. ఎనిమిదేళ్ళ మా బిడ్డ అడ్డం పోయింది. "విప్పకుండ్రి. గది నేనడిగింది."

కిందటి వారం అడిగిందట, పచ్చికుండ పూటలో కరిగితే, కాలిన కుండ ఎన్ని దినాలకు కరుగుతుందని. అవ్వ తనకూ తెలియదని, అరచేతిలో పట్టే కాలిన చిట్టికుండ, గురిగి ఒకటి తెచ్చి మా వాకిట్లోని గోలెం నీళ్ళలో ముంచి, ముడి వేసుకుందట. పెద్దలు గొణిగారు గానీ, ఆ ముడితోనే ఆమెను సాగనంపాం. ఇంటికొచ్చి నా కండువా చివర ముడి వేసుకున్నాను.

ఇప్పుడు రోజూ బడికి పోయే ముందు నేనూ బిడ్డా గోలెం దగ్గర ఆగుతాం. అది మోచేతి దాకా చెయ్యి ముంచి గురిగి అడుగు తడిమి చూస్తుంది.

"ఏం చూసినవు బిడ్డా?" అని అడుగుతాను.

"ఇంక గట్టిగనే ఉన్నది బాపు."