కత్తెర గొట్టాలు

షెడ్డులో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ, రోజూ టీ తాగకముందే ఆ పూట వాడబోయే రబ్బరు గొట్టాన్ని మోకాలికేసి వంచి చూస్తుంది. నలిగితే అవతల పారేస్తుంది.

ఆ పడవల షెడ్డు ఆమె మేనమామది. చాలా ఏళ్ల కిందట ఒకసారి తెరచాప పడవలో, మనుషులు కూర్చునే గుంటలోని నీళ్లు సముద్రంలోకి పోయే రెండు గొట్టాలనూ ఆమె కత్తెరలా దాటించి, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ బిగించింది. మామయ్య మండిపడ్డాడు.

"ఇదేం అడ్డదిడ్డం? చూడముచ్చటగా తిన్నగా దించు. లేదా రేపట్నుంచి రాకు."

"గాలికి పడవ ఒరిగిందంటే తిన్నని గొట్టంలోంచి సముద్రమే పైకొస్తుంది మామయ్యా. దాటిస్తే దాని పై కొస ఎత్తు పక్కకుంటుంది, నీళ్లు అంత దూరం ఎక్కలేవు. అందమే కావాలంటే పూలకుండీ పెట్టుకో."

"నాకే నేర్పుతావా?"

"నేర్చుకుంటానంటే నేర్పుతా."

పానా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. గొట్టాలు మామయ్యే తిన్నగా మార్చాడు. మొదటి గాలికే పడవ యజమాని నడుము దాకా తడిసి, తిట్టుకుంటూ తిరిగొచ్చాడు. మామయ్య కబురు పెట్టాడు. గొట్టాల జోలికి ఆయన రాకూడదని ఒప్పించుకున్నాకే ఆమె గడప తొక్కింది.

ఇప్పుడామెకు యాభై రెండేళ్లు. గొట్టాల పనంతా ఆమెదే. మామయ్య రంగులు వేస్తాడు.