న్యాయం రెండుసార్లు: పలాస నుంచి భావనపాడు దాకా

కోర్టులో గెలిచినవాడికి నిద్ర పట్టాలి. నాకు పట్టలేదు. భావనపాడు దగ్గర జీడితోటలోంచి అన్నయ్య ఇంటికి వెళ్లే బాట నాదేనని తీర్పు వచ్చింది. దానికి అడ్డంగా కంచె వేయించడానికే శనివారం బయలుదేరాను. వేస్తే ఆయన వాకిట్లోకి బండి రాదు. కిడ్నీలు పాడైన మనిషి, డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లాలి.

పలాసలో ఏడింటి బస్సెక్కితే ఎనిమిదికల్లా టెక్కలి. సంచిలో తీర్పు కాగితాలు ఉన్నాయో లేదో దారిలో నాలుగుసార్లు తడుముకున్నాను. టెక్కలిలో మా బాప్టిస్టు సంఘానికి ఒకప్పటి పాస్టరు అయ్యగారు ఉన్నారు, హీబ్రూ చదివినాయన. నాది న్యాయమేనని ఆయన నోట అనిపించుకుంటే ధైర్యంగా ఉంటుందని వెళ్లాను.

ఆయన ద్వితీయోపదేశకాండం తీశారు. "న్యాయాన్ని వెంబడించమన్న వాక్యంలో, హీబ్రూలో ఆ మాట రెండుసార్లుంటాది నాయనా. వాక్యంలో ఏ మాటా ఊరికే రాదని యూదు రబ్బీల నమ్మకం. అందుకని ఒకటి తీర్పుకి, రెండోది రాజీకి అన్నారు. రాజీకి వాళ్లే ఒక పోలిక చెప్పారు: ఇరుకు నదిలో రెండు పడవలు ఎదురై పంతానికిపోతే రెండూ మునుగుతాయి. బరువున్నదాన్ని ముందు పోనివ్వాల. నీకు మొదటి న్యాయం దొరికింది." అంతే అన్నారు. గట్టిగా మందలించినా బాగుండేది, పోట్లాడేవాణ్ణి.

భావనపాడుకి షేర్ ఆటో పదిహేను రూపాయలు, ముప్పావుగంట. డ్రైవరుకి ఈ పడవల సంగతీ, మా తగాదా సంగతీ చెప్పాను. అతను సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబంవాడు.

"దీనికి రబ్బీలెందుకు బాబూ? ఏరు సముద్రంలో కలిసే మొగకాడ మేం రోజూ సేత్తన్నదే కదా. సేపలతో వచ్చేవోడికి ఖాళీవోడు దారిస్తాడు. ఇంతకీ మీ ఇద్దర్లో బరువెవరిది?"

పదిహేను రూపాయలూ అతని చేతిలో పెట్టి జీడితోట దగ్గర దిగిపోయాను.

నేను వస్తున్నట్టు ఎవరు చెప్పారో, అన్నయ్య బాట మొదట్లోనే నిలబడి ఉన్నాడు. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. "కంచె ఎక్కడ పాతుతావో సెప్పు తమ్ముడూ. బండోడిని రోడ్డుకాడే ఆగమంటాను. అంత దూరం ఇసకలో నడవగలనో లేదో ఇయ్యాలే నడిసి సూసుకోవాల," అన్నాడు.

"కంచె లేదన్నియ్యా."

"ఏటీ? మళ్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను. రెండోసారి చెబుతుంటే ఏడుపొచ్చింది.

తీర్పు కాగితాలు ఇంకా దాచే ఉంచాను. రేపు నా మనసు మారుతుందేమోనని నాకే భయం. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను. భావనపాడు సముద్రానికి వెళ్లేవారికి ఒక్క మాట: రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్లకండి, అన్నయ్య ఇల్లు దాటి తీరందాకా పోయే జీడితోట బాటే దగ్గరిదారి, ఎవరూ ఆపరు. ఎదురుగా బండి వస్తే మాత్రం పక్కకు తప్పుకోండి, లోపల మా అన్నయ్య ఉంటాడు.