పత్రికలో కోసిన పేజీలు

ఆయన నోటి మీద మొదటి గుద్దు నాదే. తర్వాత ఎవరెన్ని కొట్టారో నాకు తెలియదు గానీ, పై పెదవి చీలింది మాత్రం నా ఉంగరం తగిలే. ఇప్పటికీ ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మేమంతా కొట్టాం" అంటూ నలుగురిలో కలిసిపోతుంటాను. అది అబద్ధం.

అప్పుడు నేను గ్రూప్ టూ పరీక్షకి చదువుతున్నాను. కోచింగ్‌కి కట్టే స్తోమత లేక, వన్ టౌన్‌లో గోడౌన్ల మధ్య ఇరుక్కున్న రెండు గదుల లైబ్రరీలోనే పగలంతా గడిపేవాణ్ణి. నాలాంటివాళ్ళం పదిహేను మంది ఉండేవాళ్ళం. ఆయనా రోజూ వచ్చేవాడు. అరవై ఏళ్ళుంటాయి. సముద్రం వైపు ఏదో ఊళ్ళో చీరలు నేసేవాడట. మగ్గం పోయింది, భార్య పోయింది, పడక ఫ్లైఓవర్ కింద. లైబ్రరీ తెరవగానే వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, మూసేదాకా పేపర్లు చదివేవాడు. మే నెల ఎండల్లో బెజవాడ మొత్తం మీద ఆయన్ని లేవమనకుండా కూర్చోనిచ్చిన నీడ అదొక్కటే.

మాకు ఆయనంటే పడేది కాదు. వాసనొస్తున్నాడని అర్జీ రాసి అందరం సంతకాలు పెట్టాం. లైబ్రేరియన్ మేడమ్ అది చదివి, "ఈయన మీకంటే ఎక్కువే చదువుతున్నారు. కష్టంగా ఉంటే మీరు పక్క గదిలో కూర్చోండి" అని సొరుగులో పడేశారు.

ఇక నా సంగతి. కరెంట్ అఫైర్స్ మాసపత్రిక లైబ్రరీకి ఒక్క కాపీయే వచ్చేది. ముఖ్యమైన పేజీలు నేను బ్లేడుతో కోసి నా ఫైల్లో పెట్టుకునేవాణ్ణి. జిరాక్స్ తీయించుకోవచ్చు కదా అంటారేమో. నేను చదవడం ఒక్కటే కాదు, మిగతావాళ్ళకి అందకూడదు కూడా. పోటీ పరీక్షంటే అదేననుకున్నాను. ఒకరోజు అలా కోస్తూ తలెత్తితే ఎదురుగా ఆయన చూస్తున్నాడు. మళ్ళీ పేపర్లోకి తల దించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ఒకడు ఆ పత్రిక తెరిచి, పేజీలు లేవని చూసి బల్ల గుద్దాడు. అందరి కళ్ళూ ఆయన సంచి మీదకే వెళ్ళాయి. ఇంకొకడు దాన్ని నేల మీద కుమ్మరించాడు. ఒక లుంగీ, సత్తు గ్లాసు, పడుకోవడానికి పరుచుకునే పాత పేపర్లు. మాసపత్రిక పేజీ ఒక్కటీ లేదు. అయినా కాగితాలు దొరికాయి కదా, వాళ్ళకి అది చాలింది. మెడ పట్టుకుని లేపారు. ఆయన బల్ల వదల్లేదు. "నేను కాదు బాబూ" అంటూ నా వైపు చూశాడు.

ఆ నోరు ఇంకో మాట అనకూడదు. నాకు అదొక్కటే తోచింది. గుద్దాను.

ఆయన కింద పడ్డాక అందరూ మీద పడ్డారు. డొక్కలో తన్నారు. ఒకడు చెప్పుకాలితో వేళ్ళు తొక్కుతూ "ఈ చేత్తోనేగా కోశావు" అన్నాడు. తల బల్ల కాలికి కొట్టుకున్న చప్పుడు నాకు వినపడింది. నోట్లోంచి నెత్తురు కారి కింద పేపర్లు తడిసిపోయాయి. నేను ఆపలేదు సరికదా, అందరికంటే గట్టిగా "దొంగ వెధవా" అని అరిచాను. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఎదురుగా బైండింగ్ షాపు సాయిబుగారు పరిగెత్తుకొచ్చి ఆయనకి అడ్డంగా పడుకున్నారు. సాయిబుగారికీ రెండు తన్నులు తగిలాయి. "చదువుకునేవాళ్ళేనా అయ్యా మీరు?" అన్నారు. ఆయన పోలీసుల్ని పిలుస్తానంటే మేడమ్ అడ్డుపడి, "కేసైతే వీళ్ళకి ఉద్యోగాలు రావండీ" అన్నారు. చివరికి ఆయన మొహం కడిగించి, "కొన్నాళ్ళు రావద్దండీ. మీరు కనపడితే మళ్ళీ కొడతారు" అని ఆయన్నే పంపించేశారు. మేం సాయంత్రం దాకా చదువుకున్నాం.

మర్నాడు ఆయన గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. పెదవి వాచిపోయి మాట సరిగ్గా రావడం లేదు. నన్ను ఆపి, "బాబూ, నేను కాదని వాళ్ళతో చెప్పండి చాలు. ఎవరో చెప్పక్కర్లేదు. లోపలికి రానిస్తారు" అన్నాడు.

"చెబుతానండీ" అన్నాను.

చెప్పలేదు. రెండో రోజూ అడిగాడు. మూడో రోజు నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చాడు. నాలుగో రోజు గేటు దగ్గర లేడు. సాయిబుగారు ఫ్లైఓవర్ కింద కూడా వెతికారట, ఎక్కడా కనపడలేదట. ఆ మాట విన్నప్పుడు ముందుగా నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనుకున్నాను.