ముందు గదిలో నిద్ర

తడిసిన కూలర్ గడ్డి వాసన ఎక్కడ తగిలినా నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. నిన్న నరసరావుపేట బజార్లో చీర బేరమాడుతూ ఉన్నట్టుండి గుసగుసలోకి దిగాను. "ఏందమ్మా, గొంతు పోయిందా?" అన్నాడు కొట్టతను. పోలేదయ్యా, చిన్నప్పుడే నొక్కేశారు.

మాది మూడు గదుల ఇల్లు. అందులో గాలీ వెలుతురూ ఉన్న ముందు గదిని పరుపు, బీరువా, గ్యాస్ పొయ్యి, కూలరుతో సహా, ఆసుపత్రిలో పనికి పై ఊళ్ళ నుంచి వచ్చే నర్సులకు అద్దెకిచ్చేవాళ్ళం. ఒకామె మూడు నెలలుంటే ఇంకొకామె ఆర్నెల్లు, బ్యాగుతో వచ్చి బ్యాగుతో పోయేవాళ్ళు. బెల్లంకొండలో తాత దగ్గరుండి చేయించి అమ్మకు పంపిన టేకు మంచం కూడా వాళ్ళకే. మేం మాత్రం రోళ్ళు పగిలే ఎండల్లో వెనక రేకుల గదిలో ఉడికేవాళ్ళం. నాన్న నడుం పడిపోయి మిషన్ కుట్టడం మానేశాక ఆ అద్దే మాకు కూడు.

రాత్రి డ్యూటీ చేసొచ్చేవాళ్ళకు పగలే నిద్ర కాబట్టి మా ఇంట్లో మధ్యాహ్నం అంటే అర్ధరాత్రే. కుక్కర్ కూతకు రాకముందే అమ్మ పొయ్యి కట్టేసేది, మిక్సీ ముట్టనిచ్చేది కాదు, గోంగూర పచ్చడి ఎదురింటి పెద్దమ్మ రోట్లో నూరుకొచ్చేది, నేను గచ్చకాయలాడాలంటే దుప్పటి నాలుగు మడతలేసి దాని మీదే ఆడాలి. నాకు నవ్వొస్తే అమ్మ చెయ్యి నా నోటి మీదుండేది. "ఒసేయ్, నిద్ర చెడితే ఆమె వేరే ఇల్లు చూసుకుంటది. అప్పుడేం తింటావే, మన్నా?" మా ఇంట్లో మేమే దొంగల్లా నడిచేవాళ్ళం. నాకు ఆ ఇల్లంటే చానా కోపం.

ఒక వేసవి మిట్టమధ్యాహ్నం తాత పోయాడని ఫోనొచ్చింది. అమ్మ నోరు తెరిచింది, "నాయ..." అంది, ముందు గది తలుపు వంక చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని నీళ్ళ బిందె పక్కన కూలబడింది. మా వైపు ఆడవాళ్ళు ఏడిస్తే నాలుగు వీధులకు వినబడాలి. మా అమ్మకు భుజాలు మాత్రం కదిలాయి. ఊరికి పోయాక కూడా ఆ ఏడుపు బయటికి రాలేదు. "కూతురై ఉండి నోరు పెగలదేంది?" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు.

తిరిగొచ్చాక ఆ నర్సు, కేరళమ్మాయి, "నన్ను లేపొచ్చు కదా అక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మంచిది పాపం. తిట్టుకోవడానికి కూడా నాకు మనిషి దొరకలేదు.

ఇప్పుడు ఆసుపత్రివాళ్ళే సొంత హాస్టల్ కట్టుకున్నారు. దుప్పటి మీద గచ్చకాయలూ, తలుపు సందులోంచి కాళ్ళకు తగిలే పరాయి చల్లగాలీ, అన్నీ పోయాయి. పోయిన నెల ఆఖరి నర్సు ఖాళీ చేశాక ముందు గదిలో కూలరేసి, అమ్మను తాత మంచం మీద పడుకోబెట్టాను. "ఇక మనదేనమ్మా" అన్నాను. అమ్మ పక్కకు ఒత్తిగిలింది. మంచం కోడు పట్టుకుంది. "ఓ నాయనో! నన్ను కన్న నాయనో!" అని వీధి అదిరేటట్టు ఎత్తుకుంది.

ఎదురింటి పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ఎవరే? ఎవరు పోయారే?"

"తాత, పెద్దమ్మా" అన్నాను, గుసగుసగా.